అవిసె పొడి, మొదటి ముద్ద

మా అత్తగారు నాకు నేర్పిన మొదటి విద్య వండటం కాదు, వండినదాన్ని నోట్లో వేసుకోకుండా ఉండటం. పొయ్యి మీద ఉన్నదాన్ని వండే మనిషే చప్పరిస్తే అది ఎంగిలి కింద లెక్క. ముందు దేవుడికి, తరువాత మగవాళ్ళకు, పిల్లలకు, ఆఖరున మనకు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి ముక్కుకు తగిలితే తెలియాలి, గింజ వేగిందో లేదో చెవికి తెలియాలి. నాకు తెలిసేది. బొమ్మనహళ్ళిలో మా వీధివాళ్ళు పెళ్ళి వంటలకు నన్ను పిలుచుకుపోయేవారు. నా చేతి ఉప్పు తప్పిందని ఒక్కరు అన్న పాపాన పోలేదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది, ఎందుకు దాచాలి?

మా ఇంటివాళ్ళు తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో నిలిచిపోయినవాళ్ళు. మా ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. పెళ్ళైనప్పటినుంచి "బాగుంది" అన్న మాట ఆ నోట వినలేదు. కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కుంటే అదే మెచ్చుకోలు అనుకోవాలి. నేను అలాగే అనుకున్నాను.

తొంభైల మొదట్లో ఆయనకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. మా పక్కింట్లో ధారవాడ వైపునుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. వాళ్ళు అగసె అంటారు, మనం అవిసె గింజలంటాం. ఆ గింజల్ని దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, రవ్వంత చింతపండు వేసి దంచిన పొడి తింటే కీళ్ళు పట్టు వదులుతాయని ఆవిడ చెప్పింది. చేసి పెట్టాను. మా ఆయనకు అది ఎంత నచ్చిందంటే ఇడ్లీకి అదే, రాగిసంగటికి అదే. వేడన్నంలో చెనిక్కాయల నూనె పోసుకుని మొదటి ముద్ద దానితోనే. ఆ తరువాతే పప్పూ, చారూ. రోటి దగ్గర నా భుజాలు పడిపోతున్నా ఆ డబ్బా అడుగు కనిపించనిచ్చేదాన్ని కాదు. మోకాళ్ళు తగ్గాయా అని అడిగితే తగ్గాయనే అనేవాడు. పొడి ఆపేస్తానేమోనని అలా అన్నాడో, నిజంగానే తగ్గాయో నాకు ఇప్పటికీ తెలియదు.

పదేళ్ళు తిరిగేసరికి ఆయనకు ఒంటికి పోవడం కష్టమైంది. మాటిమాటికీ లేవడం, వెళ్ళి నిలబడటం, ముఖం ముడుచుకుని తిరిగి రావడం. మగవాళ్ళు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు, మనమే గమనించాలి. గమనించి, "ఒళ్ళు వేడి చేసిండాది" అని తేల్చేశాను. మావాళ్ళకు సగం జబ్బులు వేడివల్ల వస్తాయి, తక్కిన సగం దిష్టివల్ల. బార్లీ నీళ్ళు కాచాను, సబ్జా గింజలు నానబెట్టాను. ఆదివారం తలంటి, బొడ్డులో ఆముదం చుక్క వేసి, కాలి బొటనవేళ్ళ గోళ్ళకు కూడా రాశాను. ఆయన బుద్ధిగా పడుకుని రాయించుకునేవాడు. ఆముదానికి లొంగని వేడి ఒకటుంటుందని మా ఇళ్ళలో ఎవరూ చెప్పగా వినలేదు.

ఫ్యాక్టరీలో వయసు మళ్ళినవాళ్ళకు ఆరోగ్య పరీక్షలు చేయించారు. మా ఆయన రక్తంలో పీఎస్ఏ అనే అంకె ఎక్కువ వచ్చింది. మూత్రాశయం కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుందని, దానికి ఏదైనా వస్తే ఆ అంకె పెరుగుతుందని అప్పుడే మొదటిసారి విన్నాను. పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు చూసిన డాక్టరు క్యాన్సర్ అన్నాడు. ఎముకలకు పాకి ఉంటే ఒక దారి, పాకకపోతే ఒక దారి, అది తెలియాలంటే బోన్ స్కాన్ చెయ్యాలి, దానికి వరసలో చాలామంది ఉన్నారు, కొన్ని వారాలు పడుతుంది అన్నాడు. నేను రిపోర్టు కవరు కొంగులో చుట్టుకుని బస్సెక్కాను. మా ఆయన మాత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, హొసూరు రోడ్డు దుమ్ము చూస్తూ, "ఆకలైతాండాది" అన్నాడు.

ఆ ఆదివారం మా మరిది వచ్చాడు. బ్యాంకులో ఆఫీసరు. మారతహళ్ళిలో అప్పుడప్పుడే లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఒకదాంట్లో ఉండేవాడు. ఇంగ్లీషు పేపరు ఈ చివర నుంచి ఆ చివరదాకా చదివి, చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం అరగని మనిషి. అన్నంటే ప్రాణం. అన్న స్నానానికి వెళ్ళేదాకా ఆగి, వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వదినా, ఆ అవిసె పొడి ఇంక సాకు, ఆపేసెయ్."

"యాలప్పా?" అన్నాను.

"మనం తినే నూనెలూ గింజలూ రక్తంలో కొవ్వు ఆమ్లాలని చేరతాయంట. ఒక్కో తిండిది ఒక్కో రకం. శానామంది మగోళ్ళ రక్తం తీసి దాచిపెట్టి, కొన్నేండ్లకు వాళ్ళలో ఎవరికి ఈ జబ్బు వచ్చిందో చూసినారంట. అవిసెల్లో ఉండే రకం కొవ్వు రక్తంలో ఎక్కువ ఉండేవాళ్ళకే ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువ వచ్చినట్టు కనపడిందంట. పేపర్లో రాసినారు."

"వచ్చిందని రూఢీగా రాసినారా, వచ్చినట్టుందని రాసినారా?"

మరిది కాస్త తడబడ్డాడు. "అనుమానమని రాసినారు వదినా. ఇంకా చూడాలంట. అయినా మనకెందుకు, ఆపేస్తే పాయె కదా."

అనుమానం పెనుభూతం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నాకు ఫ్యాక్టరీ రిపోర్టు గుర్తొచ్చింది. అందులో కొవ్వు సరిగ్గానే ఉందని రాశారు. దాన్ని పట్టుకుని వేలాడాను. "రక్తంలో కొవ్వు బాగుండాదని రాసినారే?" అన్నాను.

"అది వేరే వదినా. ఈడ కొవ్వు ఎంతుండాదని చూస్తారు. ఏ రకం కొవ్వు అని విడదీసి చూసేది మన ల్యాబుల్లో యాడుండాది?"

అంటే నేను పెట్టిన తిండి ఆయన రక్తంలో ఎంత చేరిందో, చేరి ఏం చేసిందో చూసి చెప్పేవాళ్ళే ఊళ్ళో లేరు. నా చేతి తప్పు లేదని తేలే దారి లేదు. ఉందని తేలే దారీ లేదు. మరిది మంచివాడు, మనసులో పెట్టుకోవద్దని రెండుసార్లు చెప్పి కాఫీ తాగి వెళ్ళాడు. అతను దింపుకున్న బరువు నా నెత్తికెక్కింది.

భయపడ్డాను. అంతకుముందు కూడా భయాలున్నాయి. పిల్లవాడికి జ్వరమొస్తే భయం, ఫ్యాక్టరీలో లాకౌటంటే భయం. ఇది అలాంటిది కాదు. అవి బయటినుంచి వచ్చేవి, తలుపేసుకుంటే కొంచెమైనా ఆగేవి. ఇది నా గరిటెలో ఉంది. ఇన్నేళ్ళు ఒక మనిషిని కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించి, ఇంకొంచెం వేసుకోండని బతిమాలి, నేనే జబ్బు తినిపించానా? మా అబ్బాయి పెళ్ళై మా మేడ మీది వాటాలోనే ఉండేవాడు. వాడికీ ఆ పొడి లేనిదే ముద్ద దిగేది కాదు. వాడి సంగతి ఆలోచనలోకి వస్తే లేచి ఇల్లంతా తిరిగేదాన్ని.

డబ్బాలో పొడి తీసి మోరీలో పోసి బిందెడు నీళ్ళు కొట్టాను. గింజలు పక్కావిడకు ఇచ్చేద్దామనుకుని, ఆవిడకూ మొగుడున్నాడని గుర్తొచ్చి అవీ పారేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. అవిసెలు అలాంటివైతే చెనిక్కాయలు ఎలాంటివో, నెయ్యి ఎలాంటిదో? పేపర్లో ఇంకా రాయనివాటిని ఎలా నమ్మడం? నూనె సీసా అటక మీదికి ఎక్కింది. పోపు మానేశాను. పప్పు ఉడకబెట్టి ఉప్పేసి పెట్టాను, కూరగాయలు ఉడకబెట్టి పెట్టాను. ఇల్లు ఆసుపత్రి వాసన వేసింది. కోడలు నాలుగు రోజులు చూసి, మేడ మీద తన పొయ్యి తాను వెలిగించుకుంది. నేను దాన్ని తప్పు పట్టలేదు. కానీ వాడికి పొడి పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను.

మా ఆయన కంచం ముందు కూర్చుంటే మొదటి ముద్దకు చెయ్యి పొడి గిన్నె కోసం పక్కకు పోయేది. అక్కడ గిన్నె ఉండేది కాదు. చెయ్యి వెనక్కి తెచ్చుకుని రెండు ముద్దలు తిని లేచేవాడు. జబ్బు మనిషి కదా, నోరు చేదుగా ఉంటుందిలే అనుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన ప్యాంటు నడుము నిలవడం మానేసింది. బెల్టుకు ఫ్యాక్టరీలోనే కొత్త బెజ్జం కొట్టుకున్నాడు. మెడ దగ్గర ఎముకలు కనిపించాయి. చొక్కా తీస్తే అటు చూడలేకపోయేదాన్ని. ఎముకలకు పాకితే మనిషి ఇలాగే తగ్గిపోతాడని ఆసుపత్రి వరండాలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఇక నాకు స్కాన్ అక్కరలేదు, సంగతి తెలిసిపోయిందనుకున్నాను. ఆయన లేని ఇల్లు ఎలా ఉంటుందో కూడా ఊహించేశాను. పుస్తెల మీద చెయ్యి పెట్టుకుని దేవుడి గూటి ముందు కూర్చుంటే మంత్రం కూడా గుర్తు రాలేదు, అవిసె గింజలు పెనం మీద పేలే చప్పుడే చెవుల్లో వినిపించింది.

స్కాన్ రోజు వచ్చింది. ముందు బరువు చూశారు. నర్సు పాత కాగితం చూసి, మళ్ళీ ఎక్కమంది. డాక్టరు ముఖం మారింది. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గడమేమిటి, వెన్నులో నొప్పి ఉందా, తుంటిలో నొప్పి ఉందా అని గుచ్చి గుచ్చి అడిగాడు. లేదన్నాడు ఈయన. డాక్టరు నమ్మలేదు. స్కాన్ చేసి, ఫలితం వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ బల్ల మీద నా పక్కన కూర్చుని మా ఆయన, "అన్నం డబ్బాలో ఏముండాది?" అని అడిగాడు. మూత తీశాను. తెల్లటి అన్నం, తెల్లటి సొరకాయ ముక్కలు. చూసి మూత పెట్టేశాడు. "మూసిపెట్టే. జబ్బు సంపేలోపల నువ్వే సంపేట్టుండావు" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

లోపలికి పిలిచారు. డాక్టరు ఫిల్మును వెలుతురు పెట్టెకు తగిలించాడు. ఆ బొమ్మలో మా ఆయన ఎముకలన్నీ ఉన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. "ఎముకల్లో ఏమీ లేదు. శుభ్రంగా ఉంది" అని కన్నడంలో చెప్పాడు డాక్టరు. మా ఇంట్లో సగం మాటలు కన్నడమే, అయినా నేను మళ్ళీ చెప్పించుకున్నాను. "మరి బరువెందుకు తగ్గింది? అదే నాకు అర్థం కావడం లేదు" అన్నాడాయన.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "డాక్టరప్పా, మా ఇంట్లో పోపు లేదు" అన్నాడు.

డాక్టరుకు అర్థం కాలేదు. ఇక నేనే చెప్పాను. పొడి గురించి, పేపరు గురించి, కొవ్వు ఆమ్లాల గురించి, మోరీలో పోసిన సంగతి, అటకెక్కిన నూనె సీసా, అంతా ఏడుస్తూనే చెప్పాను. చివరికి ఇన్నాళ్ళూ నాలుక చివరన ఉన్నది కూడా అడిగేశాను. "అదే డబ్బాలోది నేనూ తిన్నాను సార్. ఆయన వేసుకున్నంత నేనూ వేసుకున్నాను. మరి నాకు రాలేదే?"

డాక్టరు నవ్వలేదు, అందుకు ఆయనకు ఎప్పటికీ దండం పెడతాను. "అమ్మా, ఆ గ్రంథి ఆడవాళ్ళకు ఉండదు. మీరెంత తిన్నా అది మీకు రాదు" అన్నాడు. తరువాత చాలాసేపు చెప్పాడు. పేపర్లో వచ్చింది అబద్ధం కాదట. కానీ అది గుంపును చూసి చెప్పే మాటట. రక్తంలో ఫలానా కొవ్వు ఎక్కువున్న గుంపులో జబ్బు కాస్త ఎక్కువ కనిపిస్తే, ఆ కొవ్వే తెచ్చిందని అర్థం కాదు. వాళ్ళు ఇంకేం తిన్నారో, వాళ్ళ తండ్రులకు ఏముందో, వయసెంతో, అన్నీ కలిసి ఉంటాయి. ఇంకో చోట వెతికితే అలా కనిపించలేదని కూడా అంటున్నారు. "గుంపు లెక్క తెచ్చి మీ ఆయన కంచం మీద పెట్టకూడదు. మీ చేతి వంటవల్ల వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు" అన్నాడు.

"కాదని చెప్పగలరా?" అన్నాను.

డాక్టరు ఫిల్ము దింపి కవర్లో పెట్టాడు. "కాదని ప్రమాణం కూడా చెయ్యలేనమ్మా. ఎవరమూ చెయ్యలేం. పోపు పెట్టండి. మనిషికి కరెంటు పెట్టాలి, అదే రేడియేషన్, దానికి ఒంట్లో బలం కావాలి" అన్నాడు.

ఆ ఒక్క మాటకు అబద్ధం చెప్పి ఉండొచ్చు కదా అని చాలా ఏళ్ళు ఆ డాక్టరు మీద నాకు కోపం ఉండేది. తరువాత పోయింది. ఇంటికి వచ్చి అటక మీది సీసా దింపాను. ఆవాలు చిటపటమంటే మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడి, కంచం తీసుకుని వెళ్ళి కూర్చున్నాడు. కరెంటు పెట్టించుకున్నన్ని రోజులూ నీరసించాడు, మళ్ళీ లేచాడు. బెల్టు పాత బెజ్జానికి వచ్చింది. అవిసె గింజలు మాత్రం మా గడప తొక్కలేదు. ఆయన అడగలేదు, నేను చెయ్యలేదు. చెనిక్కాయల పొడి చేసి పెట్టేదాన్ని. మొదటి ముద్ద దానితో తినేవాడు, కానీ చెయ్యి మునుపటిలా పక్కకు పోయేది కాదు.

ఏళ్ళు గడిచాయి. మా చుట్టూ ఉన్న పొలాలన్నీ కాంక్రీటయ్యాయి, రింగు రోడ్డు మీద కంపెనీ క్యాబులు బారులు తీరాయి. మరిది రిటైరయ్యాడు. మా అబ్బాయికి నలభై ఐదు వచ్చాయి. తండ్రికి ఉంది కాబట్టి కొడుకు ఆ వయసులో రక్తం చూపించుకోవాలని డాక్టరు అప్పుడే చెప్పి ఉన్నాడు. అన్నీ మరిచిపోయే నాకు అది మాత్రం మరుపు రాలేదు. వాడు నవ్వుతూ వెళ్ళి రక్తమిచ్చి వచ్చాడు. రిపోర్టు మర్నాడు. ఆ మధ్యలో నేను మనిషిని కాను. వాడు చిన్నప్పుడు బడినుంచి వచ్చి సంచీ విసిరేసి, పొడి గిన్నెలో వేలు పెట్టి నాకడం కళ్ళ ముందు ఆడింది. వద్దురా ఎంగిలి అని నేను కసిరేదాన్ని. వద్దురా విషం అని కసరాల్సిందా? ఎవరినని అడగను? రిపోర్టు వచ్చింది. అంకె సరిగ్గానే ఉంది, ఏడాదికోసారి చూసుకుంటే చాలన్నారు. ఏడాదికోసారి అంటే ఏడాదికోసారి నాకు ఇదే గతి అని అర్థమైంది.

ఆ ఆదివారం మరిది చేతిసంచీతో వచ్చాడు. అందులోంచి మారతహళ్ళి సూపర్‌మార్కెట్లో కొన్న గాజు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నిండా గోధుమ రంగు గింజలు, నున్నగా మెరుస్తూ.

"వదినా, ఇవి గుండెకు శానా మంచివంట. ఇప్పుడు అందరూ తింటాండారు. పేపర్లో..."

"పేపర్లో అంటే నీ నోట్లో ఈ గింజలే పోస్తా!" అన్నాను. నాకు ఒళ్ళు తెలియలేదు. "ఆ పొద్దు నువ్వే కదప్పా వద్దన్నావు? నీ మాటకు నేను సచ్చి బతికితిని. ఇపుడు నువ్వే తెస్తావా?"

"అపుడు అట్ల రాసినారు వదినా, ఇపుడు ఇట్ల రాసినారు. నేనేం చేసేది? ఆ జబ్బు సంగతి ఇంకా తేల్చలేదంట" అన్నాడు పాపం, ముఖం చిన్నబుచ్చుకుని.

మా ఆయన కుర్చీలోంచి మా ఇద్దరినీ చూశాడు. డెబ్బై దాటిన మనిషి. సీసా అందుకుని, మూత తీసి, వాసన చూశాడు. "ఏమే, పొడి చెయ్యి" అన్నాడు. "అబ్బాయిని కూడా పిలువు."

వద్దన్నాను. ఆయన వినలేదు. "ఇన్నేండ్లు నీకు భయమని నేను అడగలా" అన్నాడు. అంతే. నా భయం ఇంకా పోలేదని ఈయనకు తెలియదనుకున్నాను, మొదటినుంచీ తెలుసన్నమాట.

పెనం పెట్టాను. గింజలు పేలడం మొదలుపెట్టగానే గరిటె ఆపి విన్నాను. చెవి పాత విద్య మరిచిపోలేదు, సరైన వేళకే దించాను. దంచాను. తండ్రీ కొడుకులు పక్క పక్కన కూర్చున్నారు. మరిది వాళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. మా ఆయన కంచంలో వేడన్నం పెట్టి, పొడి వేసి, నూనె పోసి, ఆయన చెయ్యి పెట్టేలోపల నేనే కలిపాను. కలిపిన మొదటి ముద్ద తీసి నా నోట్లో పెట్టుకున్నాను.

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. పెళ్ళై వచ్చిన నాటినుంచి ఈ ఇంట్లో ఎవరికంటే ముందు నేను ముద్ద ఎత్తింది లేదు. నాకా గ్రంథే లేదని నాకు తెలుసు. తిని చూసి ప్రయోజనం లేదనీ తెలుసు. అయినా నమిలాను, మింగాను, నిలబడ్డాను.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు మా ఆయన. ఆ ప్రశ్న నన్నెవరూ ఎన్నడూ అడగలేదు.

సరిపోయిందన్నాను. నిజానికి నా నాలుకకు ఏ రుచీ తెలియలేదు. ఆయన ఆ ఎంగిలి కంచాన్ని ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టాడు.